ఏ నేలకి ఏ పప్పుజాతి మేత? ట్రయల్ వేసే ముందు నాలుగు మాటలు

బాబూ, మీరు రాసింది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. విశాఖ జిల్లా పద్మనాభం ఊరి దగ్గర మీకు రెండెకరాల ఎర్ర మెట్ట, చెరువు కింద ఎకరం పల్లం ఉన్నాయి. భీమిలి వైపు సముద్రానికి దగ్గర్లో జీడి తోట వేసిన ఇసుక నేల ఎకరంన్నర ఉంది. ఆరు గేదెలు. దాణా ఖర్చు తగ్గించుకుందామని స్టైలో, దశరథ గడ్డి, లూసర్న్, బొబ్బర్లు, పిల్లిపెసర విత్తనాలు తెప్పించారు. పేరులో గడ్డి ఉన్నా లేకపోయినా ఇవన్నీ పప్పుజాతి మేత మొక్కలే. స్టైలో, దశరథ గడ్డి మెట్టలో, లూసర్న్ ఇసుకలో, మిగతా రెండూ పల్లంలో వేసి, ఏది ఎక్కువ తూగితే వచ్చే ఏడు దాన్నే పెంచుతానంటున్నారు. అరకులో మీ స్నేహితుడు కూడా ఆ గెలిచినదే వేసుకుంటాడట.

అలా వేస్తే ఏడాది తిరిగేసరికి మీ దగ్గర బరువులుంటాయి గానీ జవాబు ఉండదు. దశరథ గడ్డి మెట్టలో బాగా వచ్చి, లూసర్న్ ఇసుకలో చచ్చిపోతే, అది గడ్డి గొప్పో నేల గొప్పో ఎలా తేలుస్తారు? ప్రతి నేలలోనూ అన్ని రకాలూ పక్కపక్కనే ఉండాలి. ట్రయల్ అంటే అదే. నేను పశుగ్రాసం ప్లాట్ల వెనక పాతికేళ్లు తిరిగినవాణ్ణి. ఈ పాఠం నాకూ ఒక ఏడాది పంట పోయాకే వంటబట్టింది. ఆనందపురం పక్కన ఒక రైతు పొలంలో ఒకే ఒక్క ప్లాటులో స్టైలో మోకాలెత్తు లేచింది. దాన్ని పట్టుకుని రెండు మీటింగుల్లో గొప్పలు చెప్పేశాను. మూడో నెలలో ఆ రైతు తల్లి వచ్చి చూసి, ‘అక్కడే కదరా మీ తాత గెత్తం కుప్ప ఏసీవోడు’ అంది. నేను మెచ్చుకున్నది స్టైలోని కాదు, ముప్పై ఏళ్ల నాటి పేడని.

అందుకే ఒక్కో రకాన్ని ఒక్కో నేలలో కనీసం మూడు చోట్ల వేయాలి. ప్లాటు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు చాలు. ఒక్కో నేలలో నాలుగు రకాలు (ఏవో కింద చెబుతాను), మూడు సార్లు అంటే 12 ప్లాట్లు, 144 చదరపు మీటర్లు, అంటే మూడున్నర సెంట్ల పైచిలుకు. నడవడానికి దారులు కలుపుకుంటే ఐదారు సెంట్లు. ఎకరాలు అక్కర్లేదు. మీ మెట్ట వాలుగా ఉంటుంది కాబట్టి పైన ఒక వరస, మధ్యలో ఒకటి, కింద ఒకటి, వాలుకి అడ్డంగా వేయండి. ప్రతి వరసలోనూ నాలుగు రకాలూ ఉండాలి. వరసలో ఏది ఎక్కడ అన్నది మీరు నిర్ణయించకండి, చీట్లు రాసి డబ్బాలో వేసి పిల్లల చేత తీయించండి. మనకి తెలియకుండానే నచ్చిన రకాన్ని మంచి మట్టిలో పెడతాం. నేనూ పెట్టాను.

ఈ చీట్ల పద్ధతికి పునాది వేసింది ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త, ఇంగ్లండులో రోథంస్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, 1919 తర్వాత. మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు తర్వాత కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పిహెచ్‌డి చేశారు. కాబట్టి చీట్లు తీస్తుంటే పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇప్పుడు మీ రకాల సంగతి. లూసర్న్‌ని జూన్‌లో వేసే జాబితాలోంచి తీసేయండి. దానికి నీరు నిలవకూడదు, నేల పులిసి, అంటే ఆమ్లగుణంతో, ఉండకూడదు, అలాగని తడి ఆరిపోకూడదు. మన వానాకాలంలో కలుపు దాన్ని మింగేస్తుంది. బోరు ఉంటే అక్టోబరు, నవంబరులో చలి మొదలయ్యాక విడిగా ఒక మడిలో వేసుకోండి. దాని స్థానంలో ఇంకో స్టైలో పెట్టండి. స్టైలో అంటే ఒక్కటే కాదు. మన దగ్గర ఎక్కువగా దొరికేది హమాటా, పొట్టిగా పరుచుకునేది. స్కాబ్రా పొదలాగా లేస్తుంది, కాండం గట్టిది, వేరు లోతుకి పోతుంది, ఎండని ఓర్చుకుంటుంది. గయానెన్సిస్‌కి వాన ఎక్కువ కావాలి, పులిసిన నేలని తట్టుకుంటుంది. సీబ్రానా బరువు నేలల కోసం, అంటే బంక మట్టి కోసం, తెచ్చినది. దుకాణంలో ‘స్టైలో’ అని ఊరుకుంటే ఏ స్టైలో అని అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

కాబట్టి మెట్టలోను, ఇసుకలోను హమాటా, స్కాబ్రా, దశరథ గడ్డి, బొబ్బర్లు వేయండి. పల్లం మాట వేరు. అక్కడ వానాకాలం వరి ఉంటుంది, ఏళ్ల తరబడి ఉండే స్టైలోని తీసుకెళ్లి అక్కడ పెడితే జూన్‌లో దమ్ము కింద పోతుంది. వరి కోత ముందర తడి ఉండగా పిల్లిపెసర, జనుము చల్లండి. కోతయ్యాక ఒక పక్క బొబ్బర్లు వేయండి. మూడు నేలల్లోనూ ఉండేది బొబ్బర్లు ఒక్కటే, అదే మీ కొలబద్ద. నేలల మధ్య పోలిక తేవాలనిపిస్తే ‘ఈ నేలలో ఈ రకం బొబ్బర్ల కన్నా ఎంత మెరుగు’ అని చూడండి తప్ప, పల్లంలో పిల్లిపెసర బరువుని మెట్టలో స్టైలో బరువు పక్కన పెట్టకండి. కాలం వేరు, నీరు వేరు. దశరథ గడ్డిని మాత్రం పల్లం గట్ల మీద ఒక వరస వేసి చూడొచ్చు. బంక మట్టిని తట్టుకుంటుంది గానీ వేళ్లు నీళ్లలో నానడం దానికి పడదు.

విత్తే ముందు చేయాల్సిన పని, నూటికి తొంభై మంది వదిలేసేది, మొలక పరీక్ష. స్టైలో, దశరథ గడ్డి గింజలకి పెంకు గట్టి, నీరు లోపలికి పోదు. నీళ్లు మరగనిచ్చి దించి, 80 డిగ్రీలకి చల్లారాక గింజలు వేసి నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో పోయండి. పాల కేంద్రంలో వాడే థర్మామీటరు పనికొస్తుంది. మరిగే నీళ్లలో పోస్తే గింజ ఉడికిపోతుంది. తర్వాత ప్రతి రకంలోనూ వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి వారం తర్వాత చూడండి. ఒకదాంట్లో 80 మొలిచి, ఇంకోదాంట్లో 40 మొలిస్తే రెండో దానికి విత్తనం రెట్టింపు వేయాలి. లేకపోతే మీరు రకాలని కాదు, సంచులని పోలుస్తున్నట్టు. ఒకసారి నేను బాగా నమ్మిన దుకాణంలో కొన్న హమాటాలో వందకి 11 మొలిచాయి. ముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఏడాది ‘స్టైలో మా నేలకి పనికిరాదు’ అని రాసి పడేసేవాణ్ణి. రాష్ట్రంలో స్టైలో విత్తనం చాలావరకు అనంతపురం వైపు రైతులు పండించేదే. ఏ ఏడాది విత్తనమో అడిగి తెలుసుకోండి.

స్టైలో గింజ చిన్నది, సెంటీమీటరు కన్నా లోతుకి పోకూడదు. ఎర్ర నేలలో వాన పడి ఎండ కాస్తే పైన అట్ట కట్టేస్తుంది, మొలక దాన్ని తోసుకు రాలేదు. నేనైతే గింజకి నాలుగు రెట్లు పొడి ఇసుక కలిపి చల్లి, కంప ఒకసారి ఈడ్పించి వదిలేస్తాను. బొబ్బర్లు మాత్రం నాగలి సాలు వెంట వేసుకోవచ్చు. మొదట్లో స్టైలోని చూసి టెన్షన్ పడకండి. నలభై రోజుల వరకు అది ఉందో లేదో తెలీదు. బొబ్బర్లు అప్పటికే నేలంతా కప్పేస్తాయి. ‘ఇది మొలవలేదు’ అని దున్నేసిన వాళ్లని నలుగురైదుగురిని చూశాను. హమాటా అసలు సత్తా రెండో ఏడు వానలకి, మొదటి ఏడు రాలిన గింజ మొలిచినప్పుడు చూపిస్తుంది. మూడు నెలల బొబ్బర్లనీ మూడేళ్ల స్టైలోనీ ఒక్క సీజనులో తూచి గెలుపోటములు చెప్పడం న్యాయం కాదు. కనీసం రెండు వానాకాలాలు ఉంచండి.

ఇక పప్పుజాతి పంటల్లో అసలు కిటుకు మట్టి కింద ఉంది. రకాన్ని తిట్టే ముందు వేరు చూడాలి. ఈ మొక్కలకి నత్రజని ఇచ్చేది వేళ్ల మీద బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా. అది మట్టిలో లేకపోయినా, ఉన్నది ఆ మొక్కకి నప్పకపోయినా మొక్క పసుపు పచ్చగా గిడసబారి ఉంటుంది, మనం ‘ఈ రకం మంచిది కాదు’ అంటాం. బొబ్బర్లకి మన నేలల్లో ఉన్న బాక్టీరియా మామూలుగా సరిపోతుంది. హమాటాకీ పెద్ద ఇబ్బంది ఉండదు. సీబ్రానాకి మాత్రం ఆస్ట్రేలియాలో కూడా ప్రత్యేకమైన రైజోబియం వెతికి కలపాల్సి వచ్చింది. దశరథ గడ్డికి కూడా దానికి నప్పేది కలిపి ఒకటి, కలపకుండా ఒకటి, రెండు ప్లాట్లు అదనంగా వేసి చూస్తే మంచిది. పంచదారో బెల్లమో కరిగించిన జిగురు నీళ్లలో రైజోబియం పొడి కలిపి గింజకి పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. ఎండలో పెడితే బాక్టీరియా చచ్చిపోతుంది, వేడినీళ్ల గింజ పూర్తిగా చల్లారాకే పట్టించాలి.

నలభై అయిదో రోజుకి ప్రతి ప్లాటు అంచులోంచి రెండు మొక్కలు పారతో మట్టి గడ్డతో సహా తవ్వి తీయండి. పీకకండి, పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బకెట్టు నీళ్లలో ముంచి మట్టి కరిగించి, బుడిపెని బ్లేడుతో రెండుగా కోయండి. లోపల మాంసం ముక్కలా ఎర్రగా, గులాబీగా ఉంటే పని చేస్తోంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా, గోధుమగా ఉంటే దాని పని అయిపోయింది. భీమిలి ఇసుకలో ఇంకో మోసం ఉంది. బొబ్బర్ల వేళ్ల మీద బోలెడు బుడిపెలు కనిపిస్తే సంబరపడకండి, అవి నులిపురుగులు కట్టిన కణుతులు కావచ్చు. బుడిపె అయితే వేరు పక్కన అతికించినట్టుంటుంది, వేలితో రాస్తే ఊడివస్తుంది. నులిపురుగు కణితి వేరే ఉబ్బినట్టుంటుంది, ఊడదు. ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు ‘సార్, ఇక్కడ బుడిపెలు బ్రహ్మాండంగా ఉన్నాయి’ అని రిజిస్టరులో ఎక్కించేశాడు. మూడు వారాలకి ఆ ప్లాటు మొత్తం వాడిపోయింది.

ఎరువు అన్ని ప్లాట్లకీ ఒకేలా వేయండి. యూరియా జోలికి పోకండి, నత్రజని చేతికి దొరికితే మొక్క బుడిపెలు కట్టడం మానేస్తుంది, మీరు ఏం కొలుస్తున్నారో మీకే తెలియదు. భాస్వరం కావాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు నాకిష్టం, భాస్వరంతో పాటు గంధకమూ వస్తుంది. విత్తే ముందు నేల పరీక్ష చేయించండి, ఉదజని సూచిక (పీహెచ్, నేల ఎంత పులిసిందో చెప్పేది), లవణాల కొలత ముఖ్యం. ఒక్కో నేలలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు నుంచి మట్టి తీసి కలిపి, అందులో అరకిలో ఇవ్వండి. గెత్తం వేసిన చోట, చెట్టు కింద, గట్టు పక్కన తీయొద్దు.

అరకు స్నేహితుడికి ఇందుకే మీ ఫలితం పనికిరాదు. కొండ ఎర్రమట్టిలో వాన ఎక్కువై సున్నం కడిగేసుకుపోయి నేల పులుస్తుంది. పులిసిన చోట భాస్వరం మట్టిలోనే బందీ అయిపోతుంది, అల్యూమినియం వేళ్లని కాలుస్తుంది, రైజోబియానికి కావలసిన మాలిబ్డినం అనే సూక్ష్మ పోషకం అందదు. అక్కడ లూసర్న్, దశరథ గడ్డి సున్నం లేకుండా ఏడుస్తాయి. గయానెన్సిస్ స్టైలో వేసి, సగం ప్లాట్లకి సున్నం వేసి, సగం వదిలి చూడమనండి. ఆయన ట్రయల్ ఆయనదే.

కోత, తూకం దగ్గర ఎక్కువమంది దెబ్బ తింటారు. ప్లాటు చుట్టూ అంచున ఉన్న వరసని కోసి పక్కన పడేయండి, దానికి గాలి, వెలుతురు ఎక్కువ అంది బలిసి ఉంటుంది. లోపలిది మాత్రమే తూచాలి. బొబ్బర్లు సగం పూతకొచ్చినప్పుడు, స్టైలో పూత మొదట్లో, దశరథ గడ్డి మొదటి కోత మూడు నెలలకి, తర్వాత నలభై రోజులకొకసారి. జనుము గింజ కట్టకముందే కోయాలి, దాని గింజలో విషం ఉంటుంది. మంచు ఆరాక కోయండి, తడి కూడా తూకంలో కలుస్తుంది.

పచ్చి బరువు చూసి మోసపోకండి. ఉదాహరణకి ఒక ప్లాటులో బొబ్బర్లు 20 కిలోలు, స్టైలో 12 కిలోలు వచ్చాయనుకోండి. బొబ్బర్లే గెలిచాయంటారు. కానీ బొబ్బర్లలో వందకి 14 పాళ్లు ఎండు పదార్థం ఉంటే అది 2.8 కిలోలు. స్టైలోలో 28 పాళ్లు ఉంటే 3.36 కిలోలు. గేదె కడుపు నింపేది ఆ ఎండుదే, మిగతాది చెరువులో కూడా దొరుకుతుంది. ప్రతి ప్లాటు నుంచి అరకిలో తీసి, కత్తిరించి, బట్ట సంచిలో ఎండబెట్టి, రెండు రోజులు వరసగా బరువు మారనంత వరకు తూచండి. ఓవెన్ లేకపోతే రేకుల కప్పు మీద ఎండ చాలు, అన్ని సంచులూ ఒకేలా ఆరాలి, అంతే.

తర్వాత లెక్క. స్టైలో మూడు ప్లాట్లలో 9, 14, 10 వచ్చింది, దశరథ గడ్డి 11, 13, 12 వచ్చింది అనుకుందాం. సగటు 11, 12. ఒక కిలో తేడా చూసి దశరథ గడ్డి గెలిచిందని ఊరంతా చెప్పకండి. స్టైలోకి తనలో తనకే ఐదు కిలోల తేడా ఉంది. అంటే ఆ ఒక్క కిలో మట్టిలో తేడా కావచ్చు. తేడా తేలకపోతే తేలలేదనే రాసుకోండి, అప్పుడు విత్తనం ధర, కోత కూలీ, గేదె ఇష్టం చూసి ఎంచుకోండి. స్టైలోని గేదెలు మొదటి రోజు మూతి తిప్పుకుంటాయి, గడ్డిలో కలిపి పెడితే వారంలో అలవాటు పడతాయి. లూసర్న్, లేత బొబ్బర్లు మాత్రం ఖాళీ కడుపుతో మేపొద్దు, పొట్ట ఉబ్బుతుంది. ముందు వరిగడ్డి, తర్వాతే పచ్చిది.

రెండు స్టైలోలు ఎందుకు, బాగున్నది ఒకటి చాలదా అని అడుగుతారేమో. ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల్లో టౌన్స్‌విల్ స్టైలో అనే ఒక్క రకం మీదే ఆధారపడ్డారు. 1970ల మొదట్లో ఆంత్రాక్నోస్ తెగులు వచ్చి దాన్ని తుడిచిపెట్టేసింది. అప్పుడు ఆదుకున్న వాటిలో హమాటాలోని వెరానో అనే రకం ఒకటి. మన వానల్లో ఈ తెగులు వస్తే ఆకుల మీద చిన్న మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచు నల్లగా కనిపిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్లాటుకి పది మొక్కల్ని చూసి ఎన్నిటికి మచ్చలున్నాయో రాయండి. బరువుతో సమానమైన సమాచారం అది.

ప్లాటు పటం ఒకటి గీసి ఇంట్లో పెట్టుకోండి, కర్రలకి కట్టిన పేర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు భీమిలి వైపు మా ప్లాట్లు ఇసుక, సరుగుడు కొమ్మల కింద పడిపోయాయి. రేకు బోర్డు ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితం పట్టుకెళ్లి, గట్టు మూల నుంచి టేపు పెట్టి కొలిచి, ఏ మొద్దు ఏ రకమో గుర్తుపట్టాం. ఉప్పుగాలికి ఆకంతా మాడిపోయినా దశరథ గడ్డి మోడుల నుంచి మూడు వారాల్లో చిగుళ్లు వచ్చాయి.

కంచె సంక్రాంతికి ముందే వేయించండి. కోతలయ్యాక ఊరి పశువులన్నీ చేలల్లో పడతాయి, చుట్టూ ఎండిపోయిన చోట మీ ఐదు సెంట్లే పచ్చగా ఉంటాయి. ముళ్లకంప ఒక్కటే సరిపోదు, మేకలు దూరతాయి. భీమిలి తీరంలో చిరిగిన పాత వలలు తక్కువ ధరకే దొరుకుతాయి, రెండు మడతలు వేసి సరుగుడు గుంజలకి కట్టండి. అడుగు అంచుని మట్టిలో పూడ్చడం మరవొద్దు.